మంచును ఎక్కడికి నెట్టాలి? – ఇరుకు వాకిళ్ల యంత్రాల కథ

మన యాప్రాల్‌లో మంచు అంటే జనవరి తెల్లవారుజామున బొల్లారం వైపు నుంచి కమ్ముకొచ్చే పొగమంచే. మంకీ టోపీ పెట్టుకుని, మెడకు మఫ్లరు చుట్టుకుని నడకకు బయలుదేరితే ఎనిమిది గంటల ఎండకు అదే విడిపోతుంది. దానిని ఎవరూ ఎత్తిపోయనక్కరలేదు. ఇటువంటి ఊళ్లో కూర్చుని మంచు తొలగించే యంత్రాల చరిత్ర రాయడమేమిటని కొందరు సభ్యులు నవ్వుకోవచ్చు. కాని మన సంఘంలో పిల్లలో, మనవలో అమెరికా, కెనడాలలో లేని ఇల్లు వెతికి చూడాలి. పురుడు పోయడానికో, పసిపిల్లను చూసుకోవడానికో సరిగ్గా చలికాలంలోనే మనకు పిలుపు వస్తుంది. అక్కడి మంచు ఎండకు విడిపోయేది కాదు. వాకిట్లో కారును కప్పేసి, తలుపు తెరవనివ్వని మంచు. దానిని ఎవరో ఒకరు తీయాలి.

దసరా ముందు మా వీధిలోని ఒక మిత్రులు చేతిలో ఒక కాగితంతో మా ఇంటికి వచ్చారు. సైన్యంలో ఇ.ఎం.ఇ. శాఖలో పనిచేసి రిటైరైనవారు. మేమంతా సుబేదారు గారనే పిలుస్తాం. యాప్రాల్, సైనిక్‌పురి, తిరుమలగిరి ప్రాంతాలలో మాజీ సైనికులకు కొదవ లేదు గదా! ఆ కాగితం మీద న్యూజెర్సీలో కొడుకు కొన్న పాత ఇంటి నక్షా ఉంది. ఇంటి పక్కగా పది అడుగుల వెడల్పు, అరవై అడుగుల పొడవున్న దారి. ఒక పక్క ఇంటి గోడ, రెండో పక్క పొరుగువారి కంచె. చివర కారు షెడ్డు, దాని వెనుక కొద్దిపాటి పెరడు. దారి వీధిలో కలిసే చోట ముందు చిన్న పచ్చిక.

“సార్, మావాడు తన బండికి ముందు బ్లేడు బిగించుకోవాలా, చేత్తో నడిపే యంత్రం కొనుక్కోవాలా అని అడుగుతున్నాడు. బ్లేడే మంచిదని చెప్పాను. లడఖ్‌లో డోజర్లు రిపేరు చేసినవాణ్ణి, నాకు తెలియదా! కాని ఈ బొమ్మ చూసిన దగ్గర నుంచి నాకే అనుమానంగా ఉంది” అన్నారాయన.

ఆ అనుమానమే ఈ వ్యాసానికి మూలం. కొంత పాత పుస్తకాల పరిచయం వల్ల, కొంత ఇంజనీరింగు ఉద్యోగపు అలవాటు వల్ల నేను లెక్క వేయడం మొదలుపెట్టాను.

మొదట బరువు చూద్దాం. పది అడుగుల వెడల్పు, అరవై అడుగుల పొడవు గల దారిలో ఒక అడుగు మంచు పడితే 600 ఘనపుటడుగులు, అంటే సుమారు 17 ఘనపు మీటర్లు. అప్పుడే పడిన దూది వంటి మంచు ఘనపు మీటరుకు 50 నుంచి 100 కిలోలు తూగుతుంది. తడి పట్టి కూరుకుపోయిన మంచు 200 నుంచి 300 కిలోల దాకా వెళుతుంది. పూర్తిగా గడ్డకట్టిన మంచుగడ్డ 900 కిలోల పైమాటే. కాబట్టి పొడి మంచైనా ఆ చిన్న దారిలో దాదాపు టన్నున్నర బరువు ఉంటుంది. తడి మంచైతే నాలుగు టన్నులు దాటవచ్చు. పారకు ఐదు కిలోల చొప్పున ఎత్తినా టన్నున్నరకు మూడు వందల సార్లు వంగి లేవాలి. ఇదంతా ఒక్క పూట పని. పైగా మరునాడు మళ్లీ పడదన్న హామీ లేదు.

బరువు లెక్క తేలాక రెండవ లెక్క వస్తుంది. ఆ 600 ఘనపుటడుగులు ఎక్కడ పెట్టాలి? సుబేదారు గారి అనుమానం ఇక్కడిదే. యంత్రాల చరిత్ర చదువుతుంటే నాకు తోచినదేమిటంటే, మంచు తొలగించడంలో మనిషికి బలం కరువైన సందర్భాల కంటె చోటు కరువైన సందర్భాలే ఎక్కువ. కొత్త యంత్రం పుట్టిన చోటల్లా, తీసినది పెట్టడానికి చోటు లేని ఇబ్బంది ఒకటి కనబడుతుంది.

పూర్వం ఈ సమస్యే లేదు. పందొమ్మిదవ శతాబ్దంలో అమెరికా ఈశాన్య ప్రాంతపు పల్లెల్లో మంచును తీసేవారు కారు, తొక్కేవారు. పెద్ద పెద్ద చెక్క రోలర్లను గుర్రాల చేత లాగించి దారి మీద మంచును గట్టిగా అదిమేవారు. దాని మీద చక్రాలు లేని స్లెడ్జి బండ్లు హాయిగా జారిపోయేవి. కప్పు ఉన్న చెక్క వంతెనల లోపలికి మంచు పడదు కనుక, స్లెడ్జి ఆగిపోకుండా మనుషులను పెట్టి బయటి మంచును లోపలికి మోయించి పరిచేవారట! మంచును తీయడానికి కాక వేయడానికి కూలి ఇచ్చిన రోజులవి. చక్రాల బండ్లు, ట్రాములు, ఆ తరువాత మోటారు కార్లు వచ్చాకనే నేల కనబడేదాకా గీకవలసిన అవసరం వచ్చింది.

పట్టణ వీధులలో గుర్రాలు లాగే మంచు నాగలిని 1862లో మిల్వాకీ నగరంలో వాడారని చరిత్రకారులు చెబుతారు. నాగలి అంటే మన అరక కాదు. బండి చక్రాలకు ముందు ఏటవాలుగా బిగించిన చెక్క పలక. అది మంచును ఒక పక్కకు తోసుకుంటూ పోతుంది. నడివీధి శుభ్రపడింది, సంతోషమే. కాని తోసిన మంచంతా దుకాణాల మెట్ల మీదికి, కాలిబాటల మీదికి, పక్క సందుల మొగల్లోకి చేరింది. వ్యాపారులు గొడవ పెట్టారు. చివరకు నగరాలు బండ్లూ కూలీలనూ పెట్టి ఆ గుట్టలను ఎత్తించి నదుల్లో పోయించవలసి వచ్చింది. మన వీధుల్లో తెల్లారి వాకిలి ఊడ్చి చెత్తను పక్కింటి గేటు ముందుకు తోస్తే ఏమవుతుందో అక్కడా అదే అయింది. 1888 మార్చిలో న్యూయార్కు ప్రాంతాన్ని ముంచెత్తిన తుపానులో నాలుగు వందల మందికి పైగా చనిపోయారు. ఆ తరువాతనే మంచు కురిసేటప్పుడే పని మొదలుపెట్టాలని, పట్టణాన్ని భాగాలుగా పంచుకుని ముందుగా మనుషులను సిద్ధం చేసుకోవాలని నగరాలు నేర్చుకున్నాయి.

రైలు వారికి ఇంకా గట్టి చిక్కు వచ్చింది. రైలింజను ముందు ఇనుప ముక్కు బిగించి వేగంగా గుద్దితే బయలు ప్రదేశంలో మంచు ఇరుపక్కలకూ చీలిపోతుంది. కొండను తొలిచి వేసిన కటింగులో మాత్రం రెండు పక్కలా గోడలే. గుద్దిన కొద్దీ మంచు బిగుసుకుంటుంది, చివరకు ఇంజనే దానిలో కూరుకుపోతుంది. దీనికి ఉపాయం ఆలోచించినవాడు రైలు ఇంజనీరు కాదు. టొరొంటోలోని జె. డబ్ల్యు. ఇలియట్ అనే పళ్ల డాక్టరు! 1869లో ఆయన తిరిగే చక్రంతో మంచును చెక్కి పైకి విసిరే యంత్రం ఊహించాడు. ఆయన ఊహను కెనడాలోనే ఆరెంజ్‌విల్ వాసి ఆరెంజ్ జల్ మెరుగుపరచగా, లెస్లీ సోదరులు 1880లలో తయారుచేసి చూపారు. పక్కకు చోటు లేనప్పుడు గోడ మీదుగా అవతలికి విసరాలన్నది అక్కడ తేలిన సంగతి. మా మిత్రుని కొడుకు ఇంటి దారి కూడా, చూడబోతే, ఒక చిన్న రైల్వే కటింగే.

రోడ్ల మీదికి ఈ విసిరే పద్ధతిని తెచ్చినవాడు కెనడాలోని క్విబెక్ రాష్ట్రానికి చెందిన ఆర్థర్ సికార్. పాడి రైతు కుటుంబంలో పుట్టాడు. పొలంలో నూర్పిడి యంత్రం కంకులను లోపలికి లాక్కుని గడ్డిని గొట్టం గుండా దూరంగా విసరడం చూసి, మంచుకు అదే చేయవచ్చు గదా అనుకున్నాడంటారు. 1925లో ఆయన స్నో బ్లోయరు తయారైంది. లారీ మీద రెండు ఇంజన్లు, ఒకటి బండిని నడపడానికి, ఒకటి మంచు విసరడానికి. 1927లో మాంట్రియల్ పక్కనే ఉన్న ఔట్రిమాంట్ పట్టణం దానిని కొన్నది. మాంట్రియల్‌లో నేటికీ ఇరుకు వీధులలో ఇదే పద్ధతి. ముందు బ్లేడు బండ్లు మంచును వీధి వెంట ఒక గట్టుగా పోగు చేస్తాయి. వెనుక బ్లోయరు ఆ గట్టును మింగుతూ పక్కన నడిచే లారీలోకి విసురుతుంది. లారీలు దానిని ఊరి అంచులోని గుట్టల దగ్గరికి మోస్తాయి.

ఇక సుబేదారు గారి కొండల సంగతి. సరిహద్దు రోడ్ల సంస్థ 1960లో ఏర్పడింది. సంస్థ పుట్టక ముందే, 1948 నవంబరు 1న మన సైన్యం పదకొండు వేల అడుగులకు పైన ఉన్న జోజిలా కనుమకు టాంకులను ఎక్కించింది. ఆ టాంకులు వెళ్లడానికి కంచరగాడిద బాటను వెడల్పు చేసినవారు మద్రాస్ శాపర్లు. దక్షిణాది వారందరూ, తెలుగువారితో సహా, చేరే దళమది. ఇప్పుడు ఏటా వసంతంలో ఆ కనుమ మీద మంచు తొలగిస్తారు. పూర్వం సగం ఏడాది మూతపడే దారి అది. 2023లో 68 రోజులకే తెరిచారు.

అక్కడి పని పద్ధతిని సుబేదారు గారు మా వరండాలో కాఫీ తాగుతూ చేతులతో చూపించారు. ముందు మంచు కింద రోడ్డు ఎక్కడుందో కనిపెట్టాలి. తరువాత డోజరు బ్లేడును ఏటవాలుగా తిప్పి మంచును లోయ వైపు తోసుకుంటూ పోవాలి. గోడ మరీ ఎత్తయితే స్నో కట్టరు వచ్చి చెక్కి లోయలోకి విసురుతుంది. కొండచరియ మీద నుంచి హిమపాతంతో పాటు రాళ్లూ చెట్ల మొద్దులూ దిగిన చోట కట్టరు పళ్లు విరుగుతాయి కనుక అక్కడ మళ్లీ డోజరే దిక్కు. “ఎంత మంచైనా లోయ మింగేస్తుంది సార్. మాకు ప్రాణభయమే తప్ప చోటుకు కరువు లేదు” అన్నారు. తన మాట తనకే వినబడినట్టుంది, కొంచెం ఆగి కాగితం మీది కంచె గీత మీద వేలు పెట్టి, “ఇక్కడ లోయ లేదు” అన్నారు.

పార్కింగ్ స్థలం మాటకు వస్తే, అది ఒక నగర మేయరు పదవినే ఊడబెరికిన ఉదంతం ఉంది. 1979 జనవరి 13, 14 తేదీలలో చికాగోలో సుమారు అర మీటరు మంచు కురిసింది. అంతకుముందు పడినది కరగనే లేదు. వీధుల్లో కార్లు నిలిచి ఉంటే బ్లేడు బండ్లు వెళ్లలేవు. అందుచేత కార్లను బడుల పార్కింగ్ స్థలాలలోకి తరలించండి, అక్కడ మంచు తీయించాం అని మేయర్ మైకేల్ బిలాండిక్ ప్రకటించాడు. జనం వెళ్లి చూస్తే ఆ స్థలాలలో మంచు అలాగే ఉంది! ఫిబ్రవరి 27న జరిగిన పార్టీ ప్రాథమిక ఎన్నికలో జేన్ బర్న్ చేతిలో ఆయన ఓడిపోయాడు. పదేళ్లు ముందు, 1969 ఫిబ్రవరిలో, న్యూయార్కు నగరంలోనూ ఇటువంటి అపఖ్యాతే వచ్చింది. నగరపు మంచు యంత్రాలలో దాదాపు 40 శాతం మరమ్మతు లేక షెడ్లలో పడి ఉన్నాయని అప్పుడు బయటపడింది. ఇది విన్నప్పుడు మా సుబేదారు గారి ముఖం చూడాలి. శాఖ పరువు తీసినట్టు బాధపడ్డారు.

వీధికి చేసిన యంత్రం పార్కింగ్ స్థలానికి ఎందుకు పనికిరాదో లెక్క వేస్తే తెలుస్తుంది. వంద అడుగుల వెడల్పు, నూట ముప్పై అడుగుల పొడవు ఉన్న స్థలంలో అర అడుగు మంచు పడితే 6,500 ఘనపుటడుగులు. పోగు చేస్తే అదుముకుని సగమవుతుందనుకుందాం. సగటున ఐదడుగుల ఎత్తు గుట్ట వేసినా 650 చదరపు అడుగులు ఆక్రమిస్తుంది. అంటే నాలుగు కార్ల చోటు. రెండు మూడు తుపాన్లు వరుసగా వస్తే పన్నెండు కార్ల చోటు పోతుంది, వసంతం దాకా తిరిగి రాదు. పైగా గుట్టను ఏ మూల పెట్టాలో చూసుకోవాలి. మలుపు దగ్గర పెడితే ఎదురు వచ్చే కారు కనబడదు. నీరు పోయే తూము మీద పెడితే పగలు కరిగి రాత్రి గడ్డకట్టి అద్దంలా తయారవుతుంది. దివ్యాంగులకు కేటాయించిన చోట పెట్టడం చట్టవిరుద్ధమే కాదు, అన్యాయం కూడా. పిట్స్‌బర్గ్ దగ్గర పెన్‌హిల్స్‌లో 1970లలో కట్టిన శ్రీ వేంకటేశ్వరాలయం కొండవాలు మీద ఉంది. మన సభ్యులలో చూసినవారు చాలామందే ఉంటారు. వైకుంఠ ఏకాదశి డిసెంబరు, జనవరి నెలల్లోనే వస్తుంది. అటువంటి చోట నాలుగు కార్ల స్థలం ఎంత విలువైనదో వారికి చెప్పనక్కరలేదు.

ఇరుకు చోట్లకు మొదట అందివచ్చిన బండి జీపు. యుద్ధం ముగిసిన 1945లో విల్లీస్ కంపెనీ సైనికుల జీపును పౌరుల జీపుగా మార్చి అమ్మింది. ముందు బ్లేడు బిగించుకునే ఏర్పాటు కూడా ఉండేది. 1947 నుంచి మన దేశంలో మహీంద్రా వారు బిగించి అమ్మిన జీపుకు ఇదే మూలం. దాని ముందు, వెనుక ఇరుసుల మధ్య దూరం 80 అంగుళాలే కనుక చిన్న చోట మలుపు తిరిగేది. ఈనాటి పెద్ద పికప్ బండ్లకు అది 140 అంగుళాలు దాటుతోంది. ఎనిమిది అడుగుల బ్లేడు తగిలించిన అటువంటి బండిని పది అడుగుల దారిలోకి దింపడమంటే సూది బెజ్జంలోకి పగ్గం ఎక్కించడమే. ఒకవేళ దింపినా షెడ్డు తలుపు ముందున్న మంచును బండి ముందుకు తోయలేదు గదా, తలుపు పగులుతుంది. బ్లేడును తలుపు దగ్గర దింపి వెనక్కి ఈడ్చుకుంటూ రావాలి. ఈడ్చినప్పుడు బ్లేడు కింద సగం మంచు జారిపోతుంది. ఈ పని చేసిన డ్రైవర్లు ఎందుకు విసుక్కుంటారో ఊహించుకోవచ్చు.

దీనికి నిజమైన పరిష్కారం ఒక కోళ్ల షెడ్డు వంటి చోట పుట్టింది. మిన్నెసోటా రాష్ట్రంలో రోత్సే అనే చిన్న ఊళ్లో సిరిల్, లూయిస్ కెల్లర్ అనే అన్నదమ్ములు కమ్మరి పని, వెల్డింగు చేసుకునేవారు. టర్కీ కోళ్లు పెంచే రైతు ఒకాయన వారి దగ్గరికి వచ్చాడు. తన షెడ్డు నిండా స్తంభాలు, పై అంతస్తు బరువు మోయలేదు, పెంట ఎత్తడానికి ట్రాక్టరు పట్టదు. ఉన్న చోటనే గిర్రున తిరిగే తేలిక బండి కావాలన్నాడు. 1957లో వారు మూడు చక్రాల లోడరు చేసి ఇచ్చారు. మరుసటి ఏడాది నార్త్ డకోటాలోని మెల్రో కంపెనీ దానిని తీసుకుంది. 1960లో నాలుగు చక్రాలు పెట్టింది, 1962లో బాబ్‌క్యాట్ అని పేరు పెట్టింది. కుడి, ఎడమ చక్రాలను వేరువేరు వేగాలతో తిప్పి జారుడుగా మలుపు తీసుకోవడం దీని కిటుకు. మన నగరంలో మునిసిపాలిటీ వారు చెత్త ఎత్తడానికి వాడే పొట్టి బండి ఈ జాతిదే. చూసినవారికి అది ఉన్న చోటనే ఎలా బొంగరంలా తిరుగుతుందో తెలుసు. దీని ముందు, ముప్పక్కలా గోడలున్న తొట్టి వంటి బ్లేడు తగిలిస్తే మంచు పక్కలకు ఒలకదు. ఆ తొట్టి బ్లేడ్లు 1990ల నుంచి బాగా వాడుకలోకి వచ్చాయి. కార్ల మధ్య సందుల్లోంచి మంచును మోసుకుపోయి మూలన పెట్టడానికి ఇంతకు మించినది లేదని నా అభిప్రాయం. అయితే జారుడు మలుపుల వల్ల నేల గీసుకుపోతుంది. ఇటుక పరిచిన వాకిళ్లలో జాగ్రత్త అవసరం.

2022 డిసెంబరులో బఫలో నగరంలో ఈ తేడా మళ్లీ కనబడింది. పండుగ రోజుల తుపానుకు ఆ జిల్లాలో నలభై మందికి పైగా మరణించారు. ఇళ్ల మధ్య చిన్న వీధులలో మామూలు బ్లేడు బండ్లకు మంచు నెట్టే చోటే లేకపోయింది. లోడర్లతో ఎత్తి లారీలలో పోసుకుంటూ వీధి తరువాత వీధి తెరవవలసి వచ్చింది.

ఇళ్ల యజమానుల కోసం చేత్తో నడిపే యంత్రాలు యుద్ధం తరువాత వచ్చాయి. గడ్డి కోత యంత్రాల టోరో కంపెనీ 1951లో ఒకటి తెచ్చింది. విస్కాన్సిన్‌లోని ఏరియన్స్ వారు 1960లో రంగంలోకి దిగారు. వీటిలో రెండు రకాలు. ఒకే దశ యంత్రంలో రబ్బరు అంచున్న తెడ్డే మంచును గీకి, అదే విసురుతుంది. తేలిక, చవక. తారు, సిమెంటు నేల మీద ఐదారు అంగుళాల మంచుకు చాలు. కంకర దారి మీద వాడితే రాళ్లు తుపాకీ గుళ్లలా వెళతాయి. రెండు దశల యంత్రంలో ముందు మరచుట్టు వంటి ఇనుప బ్లేడు మంచును నమిలి మధ్యకు చేరుస్తుంది, వెనుక పంకా దానిని గొట్టం గుండా ముప్పై, నలభై అడుగులు విసురుతుంది. చక్రాలు కూడా ఇంజనుతోనే తిరుగుతాయి. ఇప్పుడు బ్యాటరీవి కూడా దొరుకుతున్నాయి. పొగ లేదు, తాడు లాగే శ్రమ లేదు. కాని గట్టి చలిలో బ్యాటరీ సత్తువ తగ్గుతుంది. మునిసిపాలిటీ బండి వీధి ఊడుస్తూ మన దారి మొగలో వదిలివెళ్లే గట్టు అన్నిటికంటె గట్టిది. దానికి చిన్న యంత్రాలు మొరాయిస్తాయి. ఆ గట్టును తీసి తిరిగి రోడ్డు మీద పోయడమూ చెల్లదు. అమెరికాలో అనేక చోట్ల, కెనడాలోని ఒంటారియోలో అది చట్టప్రకారం నేరం.

ఇవేవీ కాకుండా నేలనే వేడి చేసే ఉపాయం ఒకటుంది. మిషిగన్‌లోని హాలండ్ అనే ఊరు విద్యుత్ కేంద్రంలో వృథాగా పోయే వేడి నీటిని 1988 నుంచి వీధుల కింద గొట్టాలలో పారిస్తోంది. మంచు పడిన చోటనే కరిగిపోతుంది. ఎక్కడికీ నెట్టే పని లేదు. అది ఊరంతా కలిసి చేయవలసిన ఖర్చు, ఒక ఇంటి వాడికి అందేది కాదు.

ఇంత చరిత్ర విన్న తరువాత సుబేదారు గారు అసలు సంగతి బయటపెట్టారు. నవంబరులో ఆయనా, భార్యా కొడుకు దగ్గరికి వెళుతున్నారు. కోడలికి డిసెంబరు ఆఖరున పురుడు. ఆయన వయస్సు 69. “మావాడు ఆస్పత్రిలో ఉన్న రోజు మంచు పడితే యంత్రం ఎందుకు, నేను పార పట్టనా?” అన్నారు. పక్కనే ఉన్న వారి శ్రీమతి, “ఈ మాట కోసమే ఆయన్ని మీ దగ్గరికి తీసుకొచ్చాను అన్నయ్యగారూ” అన్నారు. అప్పటిదాకా నాకు ఆ ఇంటి నక్షా మీదే ధ్యాస. ఎవరు ఎత్తుతారన్నది నేను అడగనే లేదు.

పార సంగతి తేలికగా తీసుకునేది కాదు. 1995లో డెట్రాయిట్ ప్రాంతపు వైద్యులు వ్యాయామం అలవాటు లేని పదిమంది ఆరోగ్యవంతుల చేత పది నిమిషాల చొప్పున తడి మంచు ఎత్తించి చూశారు. పారతో ఎత్తినప్పుడు గుండె వేగం నిమిషానికి సుమారు 175కు చేరింది. యంత్రంతో అదే పని చేస్తే 124 వద్ద ఉంది. ఆ పదిమందీ వయసులో ఉన్నవారే. 1990 నుంచి 2006 వరకు పదిహేడేళ్ల లెక్కలు తీసిన మరొక పరిశోధనలో, అమెరికాలో పారతో మంచు ఎత్తుతూ ఏటా సగటున 11,500 మంది అత్యవసర విభాగాలకు వెళ్లినట్టు తేలింది. ఆ కాలంలో 1,647 మంది మరణించారు. అన్నీ గుండె సంబంధమైన మరణాలే. చల్లటి గాలి రక్తనాళాలను కుంచింపజేస్తుంది. బరువెత్తేటప్పుడు ఊపిరి బిగబడతాం, రక్తపోటు పెరుగుతుంది. తెల్లవారుజామున నిద్ర లేచి నేరుగా ఈ పనికి దిగితే మరీ ప్రమాదం. ఉదయం బి.పి. మాత్ర వేసుకునే మనబోటి వారు అక్కడ మనవడి మీది ప్రేమతో పార పట్టరాదు.

యంత్రంలోనూ అపాయం లేకపోలేదు. గొట్టంలో తడి మంచు బిగుసుకున్నప్పుడు చెయ్యి పెట్టి తీయబోయి వేళ్లు పోగొట్టుకున్నవారున్నారు. ఇంజను ఆపినా పంకాలో బిగువు మిగిలి ఉండి, అడ్డు తొలగగానే ఒక్క తిప్పు తిరుగుతుంది. కర్రతోనే తీయాలి. షెడ్డులో తలుపు మూసి ఇంజను వేడెక్కించడం విషవాయువును పీల్చడమే.

రాత్రి ఎనిమిదింటికి కొడుకు ఫోనులోకి వచ్చాడు, అక్కడ తెల్లవారింది. ముగ్గురం కలిసి తేల్చినది ఇది. బండికి బ్లేడు వద్దు. ఇరవైనాలుగు అంగుళాల వెడల్పున్న రెండు దశల యంత్రం కొనాలి. దారి పది అడుగులే గనుక అంతకంటె వెడల్పైనది మలుపుకు ఇబ్బంది. పని దారికి ఒక కొస నుంచి కాక నడుమ నుంచి మొదలుపెట్టాలి. వెనుక ముప్పై అడుగులు షెడ్డు పక్క సందు గుండా పెరటిలోకి, ముందు ముప్పై అడుగులు పచ్చిక మీదికి విసరాలి. అప్పుడు ఏ మంచునూ రెండుసార్లు ఎత్తనక్కరలేదు, కంచె అవతలికి ఒక్క రవ్వ పోదు. నేల గడ్డకట్టక ముందే, నవంబరులోనే, దారి అంచుల వెంట ఎర్ర పట్టీలు చుట్టిన కర్రలు పాతాలి. ఈ చివరిది సుబేదారు గారు కోరి తీసుకున్న పని. పురుడు జరిగే రోజులకు మాత్రం ఒక కాంట్రాక్టరును ముందే మాట్లాడి పెట్టుకోవాలి. ఈ షరతు ఆయన శ్రీమతి పెట్టింది. ఆయన నోరు మెదపలేదు.

వెళ్లే వారం ముందు ఆయన రాణిగంజ్ వెళ్లివచ్చారు. యంత్రం ముందు బ్లేడును ఇరుసుకు పట్టి ఉంచే చిన్న మేకు ఒకటుంటుంది, షేర్ పిన్ అంటారు. గడ్డకట్టిన దినపత్రికో, రాయో అడ్డుపడితే అది విరిగి గేరుబాక్సును కాపాడుతుంది. కొడుకు, “నాన్నా, మన దగ్గర గట్టి స్టీలు బోల్టులు చవక కదా, అవే డజను పట్టుకురా, మాటిమాటికీ మార్చే బాధ ఉండదు” అన్నాడట. దుకాణంలో బోల్టులు తూకం వేయించే దాకా వెళ్లి, ఆయన వాటిని తిరిగి ఇచ్చేసి వచ్చారు. “గట్టిది పెడితే బోల్టు నిలుస్తుంది, గేరుబాక్సు పోతుంది. కంపెనీ మేకులే అక్కడే కొనుక్కొమ్మని చెప్పాను సార్” అంటూ, సంచిలోంచి కర్రలకు కట్టే ఎర్ర రిబ్బను చుట్ట తీసి చూపించారు.